చిన్న కెమెరానా, లెన్స్ మార్చేదా?

ప్రశ్న:
మా అమ్మాయి స్టేజీ మీద డాన్స్ చేస్తుంది. ఫోన్‌తో తీస్తే చేతులన్నీ చెదిరిపోతున్నాయి. జేబులో పట్టే 1 అంగుళం సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) కెమెరా సరిపోతుందా, లెన్స్ మార్చుకునే, పెద్ద ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ తీసుకోవాలా? వచ్చే నెలలోనే ప్రోగ్రాం, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
పదేళ్లుగా స్టేజీ ఫొటోలు తీస్తున్నాను. మిర్రర్‌లెస్సే తీసుకోండి. 1 అంగుళం అన్నది పేరుకే. ఆ సెన్సర్ నిజానికి 13.2 × 8.8 మి.మీ. ఏపీఎస్-సీ దాదాపు 23.5 × 15.6, అంటే విస్తీర్ణం మూడు రెట్లు. డాన్స్‌కి షటర్ సెకనులో 1/500వ వంతే తెరుచుకునేలా పెట్టాల్సి వస్తుంది, అప్పుడు వెలుతురు చాలదు. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. ఎఫ్/1.8 లెన్స్ దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు ఇస్తుంది. బాడీ, అంటే లెన్స్ కాకుండా కెమెరా, పాత మోడల్‌దైనా పర్వాలేదండీ, ఆ లెన్స్ మాత్రం వదలకండి.

జవాబు 2:
బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే చాలనుకుని నేను మోసపోయాను. అది మన చెయ్యి వణుకును ఆపుతుంది, డాన్స్ చేసేవాళ్ల కదలికను కాదు. కళ్లను పట్టుకునే ఆటోఫోకస్ చూడండి. ఇంకొకటి, సైలెంట్ షటర్ వాడితే కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో చారలు పడతాయి.

జవాబు 3:
ఫూజీ ఎక్స్100‌సిక్స్ లాంటి కాంపాక్ట్‌లోనూ ఏపీఎస్-సీ సెన్సరే ఉంది, నాకు ప్రాణం. కానీ లెన్స్ 23 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, జూమ్ లేదు. దూరం నుంచి పాప బొటనవేలంత కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మా సీట్లు ఐదో వరుసలో. 50 మి.మీ. లెన్స్ తీసుకోనా, ఇంకా దగ్గరగా చూపించే 85 తీసుకోనా?

జవాబు 1:
50. పాప చేతులు చాపినా ఫ్రేములోనే ఉంటుంది.