మైగ్రేనా, పక్షవాతమా? ఇంట్లో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (కందుకూరు):
నా భార్యకు 34 ఏళ్లు. పదేళ్లుగా మైగ్రేన్ ఉంది. ఎండలో తిరిగినా, టైముకి తినకపోయినా కణత పట్టేస్తుంది. నిన్న సాయంత్రం వచ్చింది మాత్రం వేరు. చేపలు కడుగుతుంటే కళ్ల ముందు రంపపు పళ్లలా మెరుపులు కనిపించాయంట. కాసేపటికి కుడిచేతి వేళ్లకు తిమ్మిరెక్కి, మెల్లగా మోచెయ్యి దాకా, ఆ తర్వాత పెదవి దాకా పాకింది. పసుపు డబ్బా అందించమనబోయి మాట దొరక్క తడుముకుంది. అరగంటలో అంతా పోయి తలనొప్పి మొదలైంది. ఇప్పుడు బాగానే ఉంది. మా అమ్మ పక్షవాతం అని భయపడి దిష్టి కూడా తీసింది. ఏందిది?

జవాబు (ఒంగోలు, క్యాజువాలిటీలో నర్సుని):
తమ్ముడూ, మీరు 'పాకింది' అన్నారు చూడండి, అదే అసలు సంగతి. మైగ్రేన్‌కి ముందు వచ్చే దీన్ని ఆరా అంటారు. మెరుపులు, తిమ్మిరి నిమిషాల మీద మెల్లగా పెరుగుతాయి, ఒక్కోటీ సాధారణంగా గంటలోపు తగ్గిపోతుంది. పక్షవాతం స్విచ్ ఆపినట్టు వస్తుంది. మూతి వంకరపోతుంది, చెయ్యి పడిపోతుంది, చూపు ఒక పక్క పోతుంది. చాలామందికి తలనొప్పే ఉండదు.

అలాగని మైగ్రేనేలే అని ఇంట్లో కూర్చోవద్దు. ఇలా మొదటిసారి వచ్చినప్పుడు, అందులోనూ మాట తడబడినప్పుడు, పరీక్ష చేయకుండా మేము కూడా చెప్పలేం. చిన్న పక్షవాతం కూడా వచ్చి అరగంటలో పోవచ్చు. నిన్ననే రావాల్సింది, ఈ రోజే చూపించండి. ఇంకోటి, ఆమె గర్భనిరోధక మాత్రలేమైనా వాడుతున్నారా? ఆరా ఉన్నవాళ్లకు కొన్ని రకాలు మంచివి కావు.

జవాబు (పొదిలి):
అన్నా, మా నాన్న సంగతి చెబుతా. బంకు దగ్గర టీ తాగుతూ ఉన్నాడు. గ్లాసు చేతిలోనే ఒరిగిపోయి టీ పంచె మీద కారుతోంది, ఆయనకు తెలీనే లేదు. అది చూసి కూడా మేము నీరసమనుకున్నాం. పడుకోబెట్టాం. ఒకాయన పావురం రక్తం రుద్దమంటే దానికోసం వెతుకుతూ సాయంత్రం చేశాం. ఆస్పత్రికి పోయేసరికి గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయిందన్నారు. ఇప్పటికీ ఎడమచేత్తోనే అన్నం తింటాడు.

ప్రశ్న (కందుకూరు):
అక్కా, అర్ధరాత్రి ఇలా అయితే ఏం చూడాలి?

జవాబు (ఒంగోలు):
నవ్వమనండి, మూతి ఒక పక్క జారుతుందేమో చూడండి. రెండు చేతులూ చాపి కళ్లు మూసుకోమనండి, ఒకటి కిందికి దిగుతుందేమో. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పమనండి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా 108కి కొట్టి, ముందు సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఆ ఇంజెక్షన్‌కి 4.5 గంటలే గడువు. ఆఖరిసారి బాగా ఉన్నట్టు చూసిన టైం నుంచి లెక్క, అందుకే ఆ టైం రాసిపెట్టుకోండి. ఆస్పిరిన్, బీపీ బిళ్ల మీ అంతట మీరు వేయొద్దు. నరంలో గడ్డో, రక్తస్రావమో స్కాన్‌లోనే తెలుస్తుంది. నీళ్లు కూడా పట్టొద్దు, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి క్షణాల్లో పగిలినట్టు వచ్చినా ఇంతే, ఆగకూడదు.

ప్రశ్న (కందుకూరు):
అడిగితే చెప్పింది అక్కా, 4 నెలలుగా మాత్రలు వాడుతోందంట. నాకు తెలీదు. నెల్లూరు బయల్దేరుతున్నాం.

జవాబు (ఒంగోలు):
ఆ మాత్రల అట్ట జేబులో వేసుకుని పోండి. డాక్టర్‌కి చూపించాలి.