మా పాప టీచర్ స్టేట్ ఎడ్యుకేషన్ బోర్డుకి పోటీ చేస్తున్నారు, మనవాళ్ళకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్తే, మేం డాలస్ వైపు ఉంటాం. మా పాపకి మిడిల్ స్కూల్లో సైన్స్ చెప్పిన మేడమ్ ఇప్పుడు టెక్సాస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కి నిలబడుతున్నారు. చాలా మంచి టీచరండీ, హెల్ప్ చేద్దామని ఉంది. కానీ నాది హెచ్‌1బి, ఓటు లేదు, డొనేషన్ కూడా ఇవ్వకూడదు (గ్రీన్ కార్డ్ వాళ్ళు ఇవ్వొచ్చు), డబ్బు తీసుకోకుండా వాలంటీర్‌గా తిరగడం వరకే.

అసలు తలనొప్పి ఏంటంటే, సిటిజన్లు అయిన మనవాళ్ళకి కూడా ఇలాంటి బోర్డు ఒకటుందని తెలీదు, చెప్తే "మన ఐఎస్‌డీ (లోకల్ స్కూల్ డిస్ట్రిక్ట్) బోర్డేగా" అంటారు. అది వేరు బాబూ, ఇది రాష్ట్రం మొత్తానికి ఏ క్లాసులో ఏం నేర్పాలో డిసైడ్ చేసేది, మొత్తం 15 మందే, జీతం కూడా ఉండదు, ఒక్కో సీటు కింద సుమారు 20 లక్షల జనం, అంటే కాంగ్రెస్ సీటుకి రెండింతల పైమాటే! 2024 నవంబర్‌లో బైబిల్ కథలున్న బ్లూబానెట్ అనే పాఠాలు ఈ బోర్డులోనే 8-7తో పాసయ్యాయి, వాడాలా వద్దా అనేది స్కూళ్ళ ఇష్టమే అనుకోండి, కానీ ఒక్క ఓటు తేడా చూడండి.

ఇలాంటి పోస్టులకి ప్రచారం చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తెలుగులో పాంప్లెట్ వేస్తే చదువుతారా, లేక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులే బెటరా? గుళ్ళో రాజకీయాలు వద్దంటారు, అదీ కరెక్టే. ఇంకోటి, మార్చి ప్రైమరీలో (పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక) ఏదో ఒక పార్టీ బ్యాలటే తీసుకోవాలి కదా, ఆ మాటెత్తగానే గొడవ మొదలవుతోంది, దాన్ని మీరెలా మేనేజ్ చేశారో కాస్త చెప్పండి ప్లీజ్.