ఫోన్ నిండా నంబర్లు, పనికొచ్చే పరిచయాలు ఎన్ని?

కొత్తగుమ్మం:
ఫ్యాక్టరీలకు మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ మాది. నంబర్లకు, లింక్డ్ఇన్ కనెక్షన్లకు కొదవ లేదు. అవసరం పడినప్పుడు ఎవర్ని అడగాలో మాత్రం తోచదు. మూడు సందేహాలు. ఎంతమందితో టచ్‌లో ఉండాలి? తెలిసినవాళ్ల ద్వారా ఇంకొకరి పరిచయం ఎలా అడగాలి? డబ్బు కట్టి చేరే రిఫరల్ గ్రూపులు (సభ్యులు ఒకరికొకరు కస్టమర్లను చూపించుకునేవి) దండగా, పనికొస్తాయా?

పాతలెడ్జర్:
ఎంతమంది అన్నది తర్వాత. ముందు ఒక షీట్ తెరవండి. ఆరు కాలమ్స్ చాలు: పేరు, చేసే పని, ఎవరి ద్వారా తెలుసు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, దేని గురించి, మళ్లీ ఏ తేదీన పలకరించాలి. ఆ చివరిది ఖాళీగా ఉంటే మిగతా అయిదూ నింపి ప్రయోజనం లేదు. తేదీని బట్టి సార్ట్ చేసి, వారానికి అరగంట పెట్టుకుని, పైనున్న అయిదుగురికి మెసేజ్ పెట్టండి. సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) కొనే తొందర వద్దు. షీట్లు మూలపడేది ఎందుకంటే, మొదటిరోజే ఫోన్‌లోని నంబర్లన్నీ అందులో దించేస్తారు. ఎనిమిది వందల వరసలు చూసి నీరసం వచ్చి మళ్లీ దాని జోలికి పోరు. 40 పేర్లతో మొదలుపెట్టండి.

నెట్‌వర్క్‌శాస్త్రి:
ఈ విషయం మీద వచ్చిన పరిశోధన అంతా చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే తేల్చేశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో 55.6 శాతానికి దారి చూపింది అప్పుడప్పుడు కలిసేవాళ్లు. అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అంటే పాతవాళ్లను పలకరిస్తూ కూర్చోవడం టైం వేస్ట్. రోజుకు ఇరవై మంది కొత్తవాళ్లకు లింక్డ్ఇన్‌లో రిక్వెస్ట్ పెట్టండి.

తిరకాసు:
శాస్త్రి గారూ, ఆ లెక్క 54 మందిది. అదీ ఉద్యోగం మారినవాళ్లది, కస్టమర్లను వెతుక్కునేవాళ్లది కాదు. ఇంకో సంగతి వదిలేశారు. ఆయన దృష్టిలో ‘తరచూ’ అంటే వారానికి కనీసం రెండుసార్లు. ‘అప్పుడప్పుడు’ అంటే అంతకన్నా తక్కువ, కానీ ఏడాదికి ఒకసారికి మించి. లెడ్జర్ గారి షీట్‌లో రెండు మూడు నెలలకోసారి పలకరించేవాళ్లంతా ఆ 55.6లోకే వస్తారు. మీరు చూపించిన అంకె ఆయన వైపే ఉంది. ఇక రోజుకు ఇరవై రిక్వెస్టులా? వారానికి ఇన్నే అని లింక్డ్ఇన్ పరిమితి పెట్టింది, తెలియదా?

నెట్‌వర్క్‌శాస్త్రి:
54 అని తీసిపారేస్తే సరిపోదు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన లింక్డ్ఇన్ ప్రయోగం చూడండి. రెండు కోట్ల మంది, అయిదేళ్లు. అక్కడా పలచని పరిచయాలదే, అంటే అంత దగ్గరితనం లేనివాటిదే పైచేయి.

తిరకాసు:
చివరిదాకా చదివారా? ఉమ్మడి పరిచయస్తులు ఎందరున్నారో చూసి కొలిస్తే గ్రాఫ్ తిరగేసిన ‘యూ’లా వచ్చింది. కాస్త పలచనివి బాగా పనిచేశాయి, మరీ పలచనివి కాదు. ముక్కూమొహం తెలియని ఇరవై మంది ఆ మరీ పలచని కొసనే ఉంటారు.

నెట్‌వర్క్‌శాస్త్రి:
మాటామంతీ ఎంత నడుస్తోందో చూసి కొలిచినప్పుడు అన్నిటికన్నా పలచనివే ముందున్నాయి. అది దాచేశారేం?

తిరకాసు:
దాచలేదు. అదీ ఉద్యోగాల లెక్కే అని మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

నడిమిమనిషి:
మీ ఇద్దరూ పక్కకెళ్లి తేల్చుకోండి. రెండో ప్రశ్న ఎవరికీ పట్టలేదు.

‘ఆయన్ని కాస్త పరిచయం చేస్తారా’ అని అడిగితే పని మొత్తం నడిమివాడి నెత్తిన పడుతుంది. మీ గురించి ఏం రాయాలో తెలియక వాయిదా వేస్తాడు. యథాతథంగా ఫార్వర్డ్ చేసేలా విడిగా ఒక మెయిల్ రాసివ్వండి. ఆరు లైన్లు దాటకూడదు. మీరెవరు, ప్రత్యేకంగా ఆయనే ఎందుకు, కావాల్సింది ఏమిటి (‘20 నిమిషాల కాల్, ఈ రెండు ప్రశ్నలు’), కుదరకపోతే ఇబ్బంది లేదన్న మాట. పాత మెయిల్ చెయిన్ కింద అతికించొద్దు, ధరల గొడవంతా అవతలివాళ్లకు వెళ్లిపోతుంది. అవతలివారు సరే అన్నాకే నడిమివాడు ఇద్దరినీ కలపాలి. ఇద్దర్నీ ఒక వాట్సాప్ గ్రూపులో పడేసి ‘మీరూ మీరూ మాట్లాడుకోండి’ అని జారుకునేవాళ్లకో దండం.

కలిపాక 24 గంటల్లోపు జవాబు మీ వైపు నుంచే వెళ్లాలి. మూడు రోజులు నాన్చితే పోయేది నడిమివాడి పరువు. మొదటి జవాబులోనే నడిమివాణ్ణి బీసీసీలోకి మార్చండి (ఆ మెయిల్ అందుతుంది గానీ, దానికి వచ్చే జవాబులు ఆయనకు వెళ్లవు).

చిరాకురావు:
పరిచయం చేసిన మనిషిని బీసీసీలోకి తోసేయడం ఏం మర్యాద?

నడిమిమనిషి:
‘కృతజ్ఞతలు, మీ ఇన్‌బాక్స్ నిండకుండా మిమ్మల్ని బీసీసీలోకి మారుస్తున్నా’ అని మొదటి లైన్లో రాస్తే అదే మర్యాద. లేదంటే ‘మంగళవారం కుదురుతుందా’, ‘బుధవారం అయితే?’ అన్న పన్నెండు మెయిళ్లు ఆయనకీ వెళ్తాయి. మాట్లాడటం అయ్యాక ఏం తేలిందో రెండు లైన్లు ఆయనకు విడిగా రాయండి. బేరం కుదరకపోయినా సరే. జనం ఎగ్గొట్టేది ఇదే, రెండోసారి పరిచయం పుట్టనిదీ ఇందుకే.

నిశాచరి:
మనిషి 150 మందికి మించి సంబంధాలు నిలబెట్టుకోలేడట కదా? మరి 40తో ఎందుకు ఆగాలి?

తిరకాసు:
మేడమ్, మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ చెప్పిన ఆ 150లో చుట్టాలూ స్నేహితులూ అందరూ ఉంటారు. వ్యాపారానికి విడిగా ఇంకో 150 ఇవ్వలేదు.

గేటుపాస్:
మూడో ప్రశ్న అనాథ అయిపోయింది. వారానికి గంటన్నర మీటింగ్ అనుకుంటే 50 వారాలకు 75 గంటలు. ఫీజు కన్నా ముందు ఆ గంటలు లెక్కేయండి. చాలా గ్రూపుల్లో ఒక వృత్తికి ఒక్క సీటే, కాబట్టి మీకు పోటీ ఎవరన్నది కాదు, పక్క కుర్చీల్లో ఎవరున్నారన్నది చూసుకోండి. మీ సరుకు కొనేది ప్లాంట్ మేనేజర్. ఆయన గేటు దాటి లోపలికి వెళ్లే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, ఆటోమేషన్ వాళ్లు, ఫైర్ సేఫ్టీ ఆడిటర్, స్పేర్ పార్టుల డీలర్ ఆ గదిలో ఉంటే చేరండి. పెళ్లి ఫొటోగ్రాఫర్లూ ఇన్సూరెన్స్ ఏజెంట్లే ఉంటే వాళ్లు ఎంత మంచివాళ్లయినా మీకు రిఫరల్ ఎక్కణ్ణుంచి తెస్తారు? కట్టేముందు రెండుసార్లు గెస్ట్‌గా కూర్చోండి. ఎవరైనా ‘ఎవరికైనా ఏదైనా కావాలంటే చెప్పండి’ అంటే గదంతా తలూపి మర్చిపోతుంది. ‘200 దాకా మోటార్లు నడిపే ప్లాంట్, మెయింటెనెన్స్ హెడ్ పరిచయం కావాలి’ అంటే అప్పుడే ఎవరికో ఒకరికి ఒక పేరు తడుతుంది.

కొత్తగుమ్మం:
షీట్ మొదలుపెట్టా. 40 పేర్లలో 11 మందికి ‘చేసే పని’ కాలమ్‌లో ఏం రాయాలో తెలియట్లేదు. తీసేయనా?

పాతలెడ్జర్:
తీసేయండి.

నడిమిమనిషి:
తీసేయకండి. ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు?’ అని అడగడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

నెట్‌వర్క్‌శాస్త్రి:
పలచని పరిచయాలంటే ఆ 11 మందే. మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే కదా!

తిరకాసు:
మీరు మొత్తుకున్నది రోజుకు ఇరవై మంది కొత్తవాళ్ల గురించి. పైకెళ్లి చూసుకోండి.