మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల మీద రంగు నిలవడం లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న (కావలి)

అందరికీ నమస్కారం. 1/72 స్కేలు (అసలు సైజులో 72వ వంతు) సైనికుల బొమ్మల పెట్టె ఒకటి తెప్పించాను. విమానాల కిట్లలో వచ్చే గట్టి ప్లాస్టిక్ కాదు ఇది. తుపాకీని వేలితో వంచి వదిలితే మళ్లీ నిటారుగా వచ్చేస్తుంది. ఎనామెల్ (ఆయిల్ రకం రంగు) వేశాను. ఆరాక బాగానే కనిపించింది గానీ, చేత్తో పట్టుకోగానే తుపాకుల దగ్గర, మోచేతుల దగ్గర పెచ్చులు లేచాయి. గోటితో గీరితే పొర మొత్తం ఊడొచ్చేస్తోంది. ఉప్పుకాగితంతో రుద్ది వేస్తే పడుతుందా?

ఇంకోటి. ట్యాంకు కిట్‌లో రబ్బరులాంటి చైన్లు వచ్చాయి. వాటి మీద రంగు ఊడలేదు, కానీ ఎన్నాళ్లయినా ఆరడమే లేదు, వేలికి జిగటగా తగులుతోంది. రెండింటికీ ఒకటే మందా?

జవాబు (ఒంగోలు)

రెండూ మెత్తగానే ఉంటాయి గానీ రెండూ ఒకే ప్లాస్టిక్ కాకపోవచ్చు. ముందు అది తేల్చుకోండి. బొమ్మలు అతుక్కుని వచ్చిన ఫ్రేమ్ నుంచి చిన్న ముక్క కత్తిరించి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లలో వెయ్యండి. గాలి బుడగలు పట్టుకుని తేలకుండా వేలితో ఒకసారి లోపలికి ముంచి వదలండి. పైకి తేలితే పాలిథిలీన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ అయ్యుంటుంది, వాటి సాంద్రత నీటికంటే తక్కువ. మునిగితే వినైల్ (పీవీసీ) కావచ్చు. మామూలు కిట్ల పాలీస్టైరీన్ కూడా మునుగుతుంది, నీటి సాంద్రత 1 అయితే దానిది సుమారు 1.05.

కావలి

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి సార్, పర్వాలేదా?

ఒంగోలు

సముద్రపు నీళ్ల సాంద్రతే 1.03 లోపు ఉంటుంది, కాబట్టి ఫలితం తారుమారు కాదు. అయినా క్యాన్ నీళ్లు ఒక గ్లాసుడు వాడితే ఏం పోయింది!

కావలి

చూశాను. సైనికులు తేలారు, చైన్లు మునిగాయి.

ఒంగోలు

అయితే అనుకున్నదే. సైనికుల సంగతి ముందు చెప్తాను. పాలిథిలీన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఏమీ ఉండవు, రంగుకు పట్టు దొరకదు. తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. మామూలు కిట్ల ప్లాస్టిక్‌నైతే ఎనామెల్‌లోని థిన్నర్ కాస్త కరిగించి లోపలికి దిగుతుంది. దీన్ని ఏమీ చెయ్యలేదు. ఉప్పుకాగితం జోలికి పోకండి. మెత్తటి ప్లాస్టిక్ అరగదు, నూగు లేస్తుంది. ఆ నూగు మీద రంగు వేస్తే సైనికుడికి ఊలు స్వెట్టర్ తొడిగినట్టే.

ఉన్న రంగు పాత టూత్‌బ్రష్‌తో తోమితే పోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, గిన్నెల లిక్విడ్‌తో బాగా కడగండి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి వాడిన జిడ్డు బొమ్మ మీద మిగిలి ఉండొచ్చు. శానిటైజర్‌తో తుడవొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అదే మళ్లీ పొరలా నిలుస్తుంది. ఆరాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, సీసా మూతకి అతికించి ఆ మూతతోనే పట్టుకోండి.

ఇక అడుగు పూత. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పల్చగా, బొమ్మ మొత్తానికి, కాళ్ల కింది దిమ్మకు కూడా వెయ్యండి. ఒక రాత్రి ఆరనిచ్చి ఆక్రిలిక్ (నీళ్లలో కలిసే) రంగులు వెయ్యండి, ఎనామెల్ వద్దు. ఎనామెల్ గట్టిపడి పెళుసవుతుంది, ఆక్రిలిక్ కొంచెం సాగుతుంది.

నెల్లూరు

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. గమ్ము డబ్బాలు ఆ పాలిథిలీన్‌తోనే చేస్తారు కదా? డబ్బాకే అంటుకోని ఫెవికాల్ బొమ్మకెలా అంటుకుంటుంది?

ఒంగోలు

మంచి ప్రశ్న. నిజానికి అంటుకోదు. ఆరేటప్పుడు కుంచించుకుపోయి బొమ్మను అన్ని వైపులా బిగించి పట్టుకుంటుంది. నున్నటి డబ్బా మీద అయితే ఒక అంచు లేస్తే మొత్తం ఊడొస్తుంది, బొమ్మకు మడతలు, బెల్టులు, సంచులు ఉంటాయి కాబట్టి నిలుస్తుంది. అందుకే ఎక్కడా ఖాళీ వదలొద్దన్నాను. తుపాకీ కొస దగ్గర ఖాళీ ఉంటే అక్కణ్ణించే లేస్తుంది.

నెల్లూరు

అర్థమైంది. మాది కారు పెయింటింగ్ షెడ్డు, మా దారి వేరు. ఇప్పటి కారు బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ కలిసినవే, లోపలి వైపు పీపీ అని అచ్చు కూడా ఉంటుంది. వాటికీ ఇదే తలనొప్పి. రంగుకు ముందు అడ్హీషన్ ప్రమోటర్ (రంగుకు పట్టు ఇచ్చే పూత) కొడతాం. షాపులో ప్లాస్టిక్ ప్రైమర్ అంటే ఇస్తారు, కానీ డబ్బా మీద పీపీ అని రాసుందో లేదో చూసుకోండి. చాలా పల్చగా ఒక్క పూత చాలు. తర్వాత రంగు ఎంతసేపట్లో వెయ్యాలో డబ్బా మీద ఉంటుంది, ఆ గడువు దాటితే పట్టు తగ్గుతుంది. బంపర్ మీద పట్టినంత గట్టిగా పాలిథిలీన్ మీద పట్టదు, ముందు ఒక్క బొమ్మ మీద వేసి గోటితో గీరి చూడు తమ్ముడూ. ఘాటు సాల్వెంట్లు ఉంటాయి, మేడ మీద మాస్కు పెట్టుకుని కొట్టు. పక్కన గట్టి ప్లాస్టిక్ కిట్ ఉంటే దూరంగా పెట్టు, దాన్ని కరిగించే ప్రమాదం ఉంది.

మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు స్ప్రే కొట్టొద్దు, తేమకు తెల్లగా పాలిపోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కూడా వద్దు, రంగు బొమ్మను చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది.

కావలి

చాలా థ్యాంక్స్ అన్నా. మరి చైన్లు?

ఒంగోలు

వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి వస్తుంటుంది. అది ఎనామెల్‌ను ఆరనివ్వదు. ఆ రంగు తీసేసి, కడిగి, చైన్లను చక్రాలకు బిగించాకే ఆక్రిలిక్ వెయ్యండి. బిగించాక ఇక వంగవు కాబట్టి పగుళ్లు రావు. అయితే బిగించే ముందు ఒక జాగ్రత్త. కొన్ని వినైల్ చైన్లు, టైర్లు నెలల తరబడి తగిలి ఉంటే పాలీస్టైరీన్ చక్రాలనే తినేస్తాయి. చక్రం అంచుకు అల్యూమినియం ఫాయిల్ టేపు సన్నగా చుట్టి, దాని మీద చైన్ వెయ్యండి.

కావలి

ఫెవికాల్ ఇంట్లోనే ఉంది, ముందు అదే చూస్తాను. పైన వార్నిష్ వెయ్యాలా?

ఒంగోలు

తప్పకుండా. ఫెవికాల్ పొరకు నీళ్లు పడవు, తడి తగిలితే తెల్లబడి మెత్తబడుతుంది. ఆక్రిలిక్ మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వెయ్యండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది.