పాత రాగి, ఇత్తడి ధర ఇంత త్వరగా ఎందుకు మారుతోంది?

ప్రశ్న (తిరుపతి):
మా అమ్మమ్మగారి ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన ఇత్తడి బిందెలు, రాగి తీగలు, కిటికీ చువ్వలు అమ్మదలచి రేణిగుంట రోడ్డులోని రెండు పాత సామాన్ల అంగళ్లలో విచారిస్తే, ఇనుముకు ఇద్దరూ ఒకే ధర చెప్పి, రాగికి మాత్రం చాలా తేడాగా చెప్పారు. పది రోజుల తర్వాత వెళ్తే అవీ మారిపోయాయి. ఈ ధరను ఎవరు నిర్ణయిస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (చిత్తూరు):
రాగి, జింకు ధరలకు 1877లో మొదలైన లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ అనే లోహాల మార్కెట్ ప్రధాన ఆధారం. అక్కడి ధర డాలర్లలో ఉంటుంది కనుక రూపాయి బలహీనపడినా ఇక్కడ రేటు పెరుగుతుంది. ఇత్తడి ఆ రెండింటి మిశ్రమం కాబట్టి వాటి వెంటే నడుస్తుంది. ఇనుము సంగతి వేరు: దానిని కరిగించే ఫర్నేసుల గిరాకీ, కరెంటు ఖర్చు, లారీ బాడుగ ముఖ్యం, వానలకు కట్టడాలు మందగించి కమ్మీల అమ్మకం పడిపోతే పాత ఇనుము కూడా దిగుతుంది.

జవాబు 2 (తిరుపతి):
అన్నా, రేటుతోపాటు తరుగు కూడా అడగండి. మా బిందె అంచుకు అయస్కాంతం పెడితే అతుక్కుంది, ఎందుకంటే ఆ మడతలో ఇనుప తీగ ఉంది. అంగడివారు అందుకు అరకిలో తీసేస్తామన్నారు; మేమే అంచు విప్పి తీగను తూచితే పావుకిలో కూడా లేదు. కరెంటు తీగల తొడుగును దయచేసి కాల్చకండి. ఆ పొగ విషం, పైగా నల్లబడిన రాగిని తక్కువ రకంగా కడతారు. బ్లేడుతో చీల్చి, మెరిసే తీగను విడిగా తూయించండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. రేపే అయస్కాంతంతో బిందెలన్నీ పరీక్షిస్తాను.