అప్‌డేట్: పోమెరాన్ ఒక్కటే సరిపోతుందా?

అధిక శక్తుల దగ్గర ప్రోటాన్–ప్రోటాన్, ప్రోటాన్–యాంటీప్రోటాన్ స్థితిస్థాపక పరిక్షేపణాలను (ఢీకొన్న కణాలు ముక్కలవకుండా దిశ మాత్రమే మార్చుకోవడం) రెంటినీ పోమెరాన్ (ప్రోటాన్, యాంటీప్రోటాన్ రెంటిపైనా ఒకేలా పనిచేసే, గ్లూఆన్లతో కూడిన మారకం) వినిమయం ఒక్కటే వివరించగలదా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించిన ఫలితాలను శ్రద్ధగా చదివాక, చాలదనే అభిప్రాయానికి వచ్చాను.

13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర టోటెమ్ (సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ కొలైడర్ దగ్గరి ప్రయోగం) బృందం కొలిచిన రో, అంటే ముందు దిశలో పరిక్షేపణ ఆంప్లిట్యూడ్ వాస్తవ, కల్పిత భాగాల నిష్పత్తి, సుమారు 0.10; ఆడెరాన్ (పోమెరాన్‌కు జోడీ, కానీ ప్రోటాన్, యాంటీప్రోటాన్‌లకు వ్యతిరేక గుర్తుతో పనిచేసే మారకం) లేని ప్రామాణిక నమూనాలు ఊహించింది 0.13 పైమాటే. అయితే క్రాస్ సెక్షన్ (కణాలు ఢీకొనే సంభావ్యతకు కొలత) పెరుగుదల పై శక్తుల్లో మందగించినా రో తగ్గవచ్చు కనుక, దీన్నొక్కదాన్నే నిర్ణాయకంగా తీసుకోలేను.

నన్ను ఒప్పించింది 2021లో డీ-జీరో (అమెరికాలోని టెవట్రాన్ కొలైడర్ దగ్గరి ప్రయోగం), టోటెమ్ బృందాలు ప్రచురించిన పోలిక. ఎల్‌హెచ్‌సీ కొలతల నుంచి 1.96 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు లెక్కగట్టిన ప్రోటాన్–ప్రోటాన్ వక్రరేఖ (మారిన ద్రవ్యవేగాన్ని బట్టి పరిక్షేపణ ఎంత జరుగుతుందో చూపేది) ఒకచోట లోయలా దిగి మళ్లీ గుట్టలా లేస్తుంది. టెవట్రాన్‌లో కొలిచిన ప్రోటాన్–యాంటీప్రోటాన్ రేఖ అక్కడే దాదాపు చదునుగా సాగుతుంది. పోమెరాన్ ఒక్కటే అయితే రెండు రేఖలూ ఒకేలా ఉండాలి; 1973లో భౌతికశాస్త్రవేత్తలు లుకాషుక్, నికోలెస్కు ప్రతిపాదించిన ఆడెరాన్‌ను చేరిస్తే ఈ తేడా సహజంగా వస్తుంది.