సమస్యాపూరణం: "కప్పు లేని యింటఁ గప్పు నెక్కె"

నిర్వాహకుడు: ఈ పాదం పొద్దున్నుంచీ నాలుక మీదే ఆడుతోంది, ఇచ్చేస్తున్నా, ఇది చివర వచ్చేలా ముందు మూడు పాదాలూ మీరు కట్టాలి. కప్పు అని మనం రోజూ రెండు వైపులనుంచీ అంటాం, కింద పడుకుని చూసేదీ అదే, పైకెక్కి బాగుచేసేదీ అదే. అసలు కప్పే లేని ఇంట్లో ఎక్కిందేమిటో మీరే చెప్పాలి.

యతిప్రియ:
ఎండఁ బట్టి దాఁచి యింటికి వెలుగిచ్చు
పలక మీఁద దుమ్ముఁ బాపఁ దలఁచి
చీపు రొకటి పట్టి శ్రీమతి యొక్కతే
కప్పు లేని యింటఁ గప్పు నెక్కె.
(మొదటి కప్పు చీకటి, రెండోది డాబా.)

పాదచారి: విరుపు అదిరింది! సోలార్ పలక వల్ల చీకటి లేని ఇల్లు, ఆ పలక తుడవడానికి డాబా ఎక్కిన ఇల్లాలు. దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గే మాటా నిజమే. కానీ పలక ఎండను దాచదు, కరెంటుగా మారుస్తుంది, దాచేది బ్యాటరీ. "ఎండఁ బట్టి మార్చి" అంటే గణం (గురులఘువుల లెక్క) చెడదు.

మేఘమాల: "పట్టి శ్రీమతి" దగ్గర తర్వాతి శ్రీ వల్ల ట్టి గురువైపోలేదూ?

యతిప్రియ: అవదండీ. వేరు మాట మొదట్లో వచ్చిన సంయుక్తం, సంస్కృత సమాసం కాదు. "మార్చి" మాత్రం తీసుకున్నాను పాదచారి గారూ. మేఘమాల గారూ, ఇదివరకు మీరు పెట్టిన వెన్నెల పూరణలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) తప్పితే, రెండో అక్షరాలు కలిశాయి కనుక ప్రాసయతి అన్నారు, కానీ వాటి ముందక్షరాలు రెండూ ఒకే తీరున ఉండాలి, మీవాటిలో ఒకటి గురువు, ఒకటి లఘువు, దానికింకా జవాబు రాలేదు.

మేఘమాల: దాన్ని ఎప్పుడో దిద్దాను, చూడకుండా మాట్లాడకండి. ఇదిగో నాది:
గోడ లేచి నిలువఁ గూలికి డబ్బులు
చాల కాఁగె పనులు, సంజ పిదప
చుక్క లెల్లఁ దొంగి చూడంగ రాతిరి
కప్పు లేని యింటఁ గప్పు నెక్కె.
స్లాబు పడని ఇంట్లో చీకటి ఎక్కింది.

నిర్వాహకుడు: సగం కట్టి ఆగిన ఇల్లు, పైన చుక్కలు. మూడో పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

యతిప్రియ: నేనూ ఆగాను, నాలుగో పాదం దగ్గర. చీకటి కర్తయితే ఉత్వసంధి జరిగి "కప్పెక్కె" అవుతుంది, ఆ నకారం ఎక్కడిది? కప్పును ఎక్కితేనే "కప్పు నెక్కె". భావం మాత్రం వదులుకోలేనిది, అందుకే చెబుతున్నా, ఇలా మార్చండి:
చుక్క లెల్లఁ దొంగి చూడఁ జందురుఁ డంత
అప్పుడు చంద్రుడు చీకటినెక్కుతాడు, నకారానికి ద్వితీయ దొరుకుతుంది.

పాదచారి: అబ్బ!

మేఘమాల: నకారం సంగతి ఒప్పుకుంటున్నా. చందురుణ్ణి మాత్రం మీ పేరు మీదే వేసుకోండి, నా చీకటికి వేరే పాదం రాత్రికి పెడతాను.